గడ్డి బండి గొంతు నొక్కిందెవరు?

గ్యాసు పొయ్యి వెలగకపోతే మీరేం చేస్తారు? ముందు సిలిండరు దగ్గర రెగ్యులేటరు ఆన్‌లో ఉందో లేదో చూస్తారు. పొయ్యి మీట తిప్పితే బుస్సుమని గ్యాసు వస్తోందో లేదో వింటారు. మీట కట్టేసి, లైటరు పక్కకి తీసుకెళ్లి టక్కున నొక్కి నిప్పురవ్వ పడుతోందా అని చూస్తారు. అన్నీ బాగుంటే, నిన్న పాలు పొంగి బర్నరు కన్నాలు పూడుకుపోయాయేమోనని పిన్నీసు పట్టుకుంటారు. అంతేగాని, పొయ్యి వెలగలేదు కదా అని బజారుకెళ్లి కొత్త పొయ్యి కొనుక్కురారు!

చూశారా, మీకు తెలియకుండానే మీరొక మంచి మెకానిక్కు. పెట్రోలు ఇంజను మొరాయించినప్పుడు చేసే పరీక్ష కూడా అచ్చం ఇదే. పెట్రోలు వస్తోందా? గాలి ఆడుతోందా? నిప్పురవ్వ పడుతోందా? ఈ ప్రశ్నలు వరసగా, ఒకదాని తర్వాత ఒకటి అడగాలి. నాలుగు సామాన్లు ఒకేసారి మార్చేస్తే, బండి నడిచినా జబ్బేమిటో తెలియదు, డబ్బులు మాత్రం పోతాయి. పుస్తకం చూసి చెబుతున్న మాట కాదండీ ఇది, మా గడ్డి కోసే బండితో కుస్తీ పట్టి చెబుతున్నాను.

ఎకరం పచ్చిక, ఒక బండి

మేముండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. ఇంటి చుట్టూ దగ్గర దగ్గర ఎకరం పచ్చిక. ఫొటోలు చూసి మన చుట్టాలు "అబ్బ, ఎంత బావుందో!" అని మురిసిపోతారు గాని, కోసేవాళ్లకి తెలుస్తుంది దాని సంగతి. ఏప్రిల్‌లో మొదలుపెడితే అక్టోబరు దాకా వారం వారం కోయాల్సిందే. మే నెలలో వానలు పడ్డాయంటే వారానికి రెండుసార్లు. వదిలేద్దామంటే కుదరదు. ఇక్కడ చాలా ఊళ్లలో గడ్డి ఎత్తుకి కూడా చట్టం ఉంది. కొన్నిచోట్ల 8 అంగుళాలు, కొన్నిచోట్ల 10. అది దాటితే ముందు నోటీసు వస్తుంది, ఆ తర్వాత వాళ్లే మనిషిని పెట్టి కోయించి బిల్లు మన పేర పంపుతారు.

అంత నేలని చేత్తో తోసే మిషనుతో కోయలేక, మీద కూర్చుని నడిపే బండి పెట్టుకుంటారు. చూడ్డానికి బుల్లి ట్రాక్టరులా ఉంటుంది. ముందు ఇంజను, దాని వెనక సీటు, కడుపు కింద గిర్రున తిరిగే కత్తులు. మా ఇంట్లో ఆ బండి పని ఎప్పుడూ మావారిదే. 2023 మే నెలలో ఆయనకి నడుం ఆపరేషన్ అయింది. ఆరు వారాలు వంగకూడదు, బరువెత్తకూడదు, కుదుపులు అసలే పనికిరావు అన్నారు డాక్టరు. అలా బండి నా చేతికొచ్చింది. సీటెక్కి తాళం తిప్పాను. గరగరా తిరిగిందే గాని అంటుకోలేదు.

రిపేరు షాపుకి ఫోను చేస్తే, "కాయిల్ పోయుంటుంది, మార్చాలి. మా మనిషి వచ్చి బండి పట్టుకెళ్లడానికే మూడు వారాలు పడుతుంది" అన్నారు. రోగిని చూడకుండానే రోగం పేరు చెప్పేశారన్నమాట! ఈలోపు గడ్డి ఆగుతుందా? ఇంజనుతో వచ్చిన పుస్తకం వెతికి తీశాను. మావారు నడుం పట్టీ పెట్టుకుని గరాజు ముందు కుర్చీ వేసుకున్నారు. చెయ్యి నాది, మాట ఆయనది.

ముందు చెవులతో

తాళం తిప్పగానే వచ్చే చప్పుడులోనే సగం సంగతి ఉంటుంది. అసలు చప్పుడే లేకపోయినా, టక్‌మని ఆగిపోయినా అది బ్యాటరీ, స్టార్టరు గొడవ. అప్పుడు బ్యాటరీ తీగలు వదులుగా ఉన్నాయేమో, తెల్లటి బూజులాంటిది పట్టిందేమో చూసుకోవాలి. ఇంకోటి గుర్తుంచుకోండి. ఈ బండ్లలో బ్రేకు పెడలు పూర్తిగా తొక్కకపోయినా, కత్తుల స్విచ్చి ఆన్‌లో ఉన్నా స్టార్టరు తిరగదు. మన రక్షణ కోసం అలా చేసి పెట్టారు. దానికి బ్యాటరీ మార్చి లాభం లేదు.

మా బండి చురుగ్గానే తిరుగుతోంది. అంటే బ్యాటరీకి ఢోకా లేదు. ఇక తేలాల్సింది పెట్రోలు తప్పా, నిప్పురవ్వ తప్పా అని.

ఇక్కడి పెట్రోల్లో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తుంది. చలికాలమంతా ట్యాంకులో నిలవుంటే అది తేమ పట్టి చెడిపోతుంది, కార్బ్యురేటరు సన్నటి దారుల్లో జిగురు కడుతుంది. ఆవకాయ నిలవుంటే రుచేమో గాని పెట్రోలు నిలవుంటే చేటే. పాతది తీసేసి కొత్తది పోశాం. ఎయిర్ ఫిల్టరు విప్పి దుమ్ము దులిపాం. తాళం తిప్పితే మళ్లీ అదే గరగర.

ప్లగ్గు చూస్తే జాతకం తెలుస్తుంది

అప్పుడు ప్లగ్గు విప్పాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే విప్పాలి, ముందు దాని టోపీ తీగ లాగేయాలి, చుట్టూ ఉన్న మట్టి తుడవాలి. లేకపోతే ఆ మట్టి కాస్తా సిలిండర్లో పడుతుంది.

డాక్టరు నాలుక చూసినట్టు ప్లగ్గు కొస చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా నల్లటి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైందని. నల్లగా జిడ్డోడుతుంటే ఇంజనాయిలు లోపలికి కారుతోందని. తెల్లగా మాడినట్టుంటే వేడి ఎక్కువైందని. అన్నిసార్లు తాళం తిప్పాక కూడా పొడిపొడిగా ఉందంటే పెట్రోలే అందడం లేదని.

మాది తడిగా ఉంది. ముక్కు దగ్గర పెడితే గుప్పున పెట్రోలు వాసన. అంటే పెట్రోలు బుద్ధిగా వచ్చి కూర్చుంది, అంటించేవాడే రాలేదు! కార్బ్యురేటరు విప్పే పని తప్పింది. అనుమానమంతా నిప్పురవ్వ మీదికి పోయింది. ప్లగ్గు కొసన ఉండే సందు కూడా కొలిచాను. మా ఇంజనుకి 0.76 మిల్లీమీటర్లు ఉండాలని పుస్తకంలో ఉంది, సరిగ్గానే ఉంది.

రవ్వ పడుతోందో లేదో చూడ్డానికి స్పార్క్ టెస్టరు అని ఒక చిన్న సాధనం దొరుకుతుంది. ప్లగ్గు టోపీని దానికి తగిలించి, దాని క్లిప్పు ఇంజను ఇనుముకి పట్టిస్తే చాలు. ఇంజను తిరిగినప్పుడు రవ్వ పడితే కళ్లకి కనిపిస్తుంది. ప్లగ్గుని చేత్తో ఇంజనుకి ఆనించి చూసే పాత పద్ధతి మాత్రం వద్దు. వేల వోల్టుల షాకు తగులుతుంది, విప్పిన కన్నంలోంచి వచ్చే పెట్రోలు ఆవిరి భగ్గుమన్నా అనొచ్చు. అందుకే నేను ప్లగ్గుని దాని కన్నంలోనే తిరిగి బిగించి, టోపీ మాత్రం టెస్టరుకి తగిలించాను. నేను సీట్లో కూర్చుని బ్రేకు తొక్కి తాళం తిప్పితే, మావారు టెస్టరు వైపు చూశారు.

"ఊహూ... లేదు" అన్నారు.

రవ్వ ఎక్కడ పుడుతుంది, ఎలా ఆగుతుంది

ఇక్కడే మీకో చిన్న సంగతి చెప్పాలి. ఇది తెలిస్తే మిగతాదంతా తేలికే.

ఇలాంటి చిన్న ఇంజన్లలో నిప్పురవ్వకి బ్యాటరీతో పని లేదు. ఇంజను తలమీద బరువైన ఫ్లైవీలు తిరుగుతుంది. దాని అంచులో అయస్కాంతం ఉంటుంది. అది పక్కనే ఉన్న కాయిల్ ముందు నుంచి పోయినప్పుడల్లా కాయిల్లో కరెంటు పుట్టి, పది వేల వోల్టులు దాటి, ప్లగ్గు సందులో రవ్వై దూకుతుంది. దీన్నే మాగ్నెటో అంటారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో బాష్ వర్క్‌షాపులో పనిచేసిన గాట్లోబ్ హొనోల్డ్ అనే ఇంజనీరు 1902లో హై వోల్టేజి మాగ్నెటోని, దాంతోపాటు స్పార్క్ ప్లగ్గుని తయారుచేశాడు. అప్పటి సూత్రమే ఇప్పటికీ మా గడ్డి బండిలో పనిచేస్తోంది. పాతకాలపు ఇంజన్లలో దీనికి పాయింట్లు ఉండేవి. నాన్నగారు ఆదివారం పూట స్కూటరు ముందు చతికిలబడి ఉప్పుకాగితంతో గీకేవారే, అవే. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాళ్లు 1982లో పాయింట్లు లేని మాగ్నెట్రాన్ తెచ్చారు. దాంతో ఆ గీకుడు పోయింది.

సరే, బ్యాటరీ అక్కర్లేకుండా తనంతట తనే రవ్వ పుట్టించుకునే ఇంజనుని ఆపడం ఎలా? దానికే కాయిల్ నుంచి ఒక సన్నటి తీగ వస్తుంది. తాళం ఆఫ్ చేస్తే ఆ తీగ పోయి బండి ఇనుముకి తగులుతుంది, అంటే ఎర్త్ అవుతుంది. కాయిల్లో పుట్టిన బలమంతా అందులోకి జారిపోయి, ప్లగ్గు దాకా రాదు. అంటే తాళం తిప్పినప్పుడు మనం ఇంజను గొంతు నొక్కుతున్నామన్నమాట!

ఆ తీగకే సీటు కింద ఒక స్విచ్చి, బ్రేకు దగ్గర ఒక స్విచ్చి, కత్తుల దగ్గర ఒక స్విచ్చి ముడిపెట్టి ఉంటాయి. కత్తులు తిరుగుతుండగా మనిషి సీట్లోంచి లేచినా, పడిపోయినా తీగ ఎర్త్ అయి ఇంజను ఆగిపోతుంది.

కాబట్టి రవ్వ లేదంటే అర్థాలు రెండు. ఒకటి, కాయిల్ చచ్చిపోయి ఉండాలి. రెండు, కాయిల్ బాగానే ఉంది, ఎవరో దాని గొంతు నొక్కుతూ ఉండాలి. మొదటిదైతే కాయిల్ కొనాలి. రెండోదైతే కొత్త కాయిల్ పెట్టినా దాని గొంతూ నొక్కేస్తారు!

ఒక్క తీగ ఊడదీస్తే తేలిపోతుంది

ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ సన్నటి తీగకి ఇంజను పక్కనే చిన్న జాయింటు ఉంటుంది. అది విడదీసి, టెస్టరు అలాగే ఉంచి మళ్లీ తాళం తిప్పాలి. ప్లగ్గు టోపీ టెస్టరుకే తగిలించి ఉంది కాబట్టి ఇంజను అంటుకునే భయం లేదు.

తిప్పాను. "వచ్చింది! నీలంగా పడుతోంది!" అని కుర్చీలోంచే అరిచారు మావారు. నడుం సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తుండి ఉండదు.

కాయిల్ బతికే ఉంది. ఫోన్లో షాపువాళ్లు చెప్పిన సామాను కొని ఉంటే, డబ్బూ దండగ, బండీ నడిచేది కాదు.

ఒకవేళ తీగ తీసినా రవ్వ రాకపోయి ఉంటే? అప్పుడు కాయిల్ కీ, ఫ్లైవీలుకీ మధ్య సందు చూడాలి. చాలా ఇంజన్లకి అది 0.25 మిల్లీమీటర్లు, అంటే ఒక విజిటింగ్ కార్డు మందం. అయస్కాంతం మీద తుప్పు పట్టినా, సందు ఎక్కువైనా రవ్వ బలహీనపడుతుంది. అవీ బాగుంటే అప్పుడు కాయిల్ మార్చాలి.

"అలాగే నడిపెయ్యొచ్చుగా!"

అంతలో పక్కింటి పెద్దాయన వచ్చారు. మంచివారు. సంగతంతా విని, ఆ తీగ అలాగే వదిలేసి ప్లగ్గు తగిలించెయ్యమన్నారు. బండి బ్రహ్మాండంగా నడుస్తుంది, తన బండి ఏళ్లుగా అలాగే నడుస్తోంది అన్నారు.

నిజం చెప్పొద్దూ, మనసు లాగింది. గడ్డి చూస్తే పిక్కల దాకా వచ్చింది. బండి ఒక్క నిమిషంలో స్టార్టవుతుంది. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు.

కాని ఆ తీగ లేకపోతే తాళం ఆఫ్ చేసినా ఇంజను ఆగదు. సీట్లోంచి జారిపడితే కత్తులు తిరుగుతూనే ఉంటాయి. మా బాబుకి అప్పుడు తొమ్మిదేళ్లు. బండి చప్పుడు వింటే చాలు, "నేనూ ఎక్కుతా" అంటూ పరుగెత్తుకొస్తాడు. అమెరికాలో ఏటా వేలమంది పిల్లలు గడ్డి కోసే మిషన్ల వల్ల దెబ్బలు తగిలి ఆస్పత్రులకి వస్తారు. వేళ్లు, పాదాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. కూర్చుని నడిపే బండిని 16 ఏళ్లలోపు పిల్లలకి ఇవ్వొద్దనీ, ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పొద్దనీ ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ గట్టిగా చెబుతుంది. పరుగెత్తుకొచ్చే పిల్లాడికీ, ఆ కత్తులకీ మధ్య ఉన్నవి ఈ నాలుగు స్విచ్చిలే. వాటిని పీకేసి గడ్డి కోస్తే, గడ్డి తెగుతుంది సరే, ఆ తర్వాత?

పెద్దాయనకి థాంక్స్ చెప్పి, కాఫీ ఇచ్చి పంపాను. తీగ మాత్రం అలా వదలదలుచుకోలేదు.

దొంగ దొరికింది

ఇక మిగిలింది, ఏ స్విచ్చి దగ్గర గొంతు నొక్కుతున్నారో కనుక్కోవడం. దీనికి మల్టీమీటరు కావాలి. కరెంటు దారి కలిస్తే కుయ్‌మనే మీటరు. ముందు బ్యాటరీ తీగ తీసేయాలి. విడదీసిన జాయింటులో స్విచ్చిల వైపుకి పోయే తీగకి ఒక పుల్ల, బండి ఇనుముకి ఇంకో పుల్ల పెట్టాం. తాళం ఆన్‌లో ఉండి, బ్రేకు తొక్కి, మనిషి సీట్లో కూర్చుంటే అది మాట్లాడకూడదు. మాది కుయ్ కుయ్‌మంటూనే ఉంది.

ఇప్పుడు ఒక్కొక్క స్విచ్చి దగ్గర తీగ ఊడదీసి చూడాలి. తాళం దగ్గరిది తీశాను, కూత ఆగలేదు. పెట్టేశాను. కత్తులది తీశాను, ఆగలేదు. పెట్టేశాను. సీటు కిందది లాగానో లేదో, టక్కున నోరు మూసింది!

సీటు ఎత్తి టార్చి వేసి చూస్తే ఎండుగడ్డీ, దూదీ, కాగితం ముక్కలూ కలిపి గుండ్రంగా అల్లిన గూడు. చలికాలంలో ఒక ఎలకమ్మ అక్కడ కాపురం పెట్టింది. పెట్టింది పెట్టక, స్విచ్చికి పోయే జానెడు తీగ పైతొడుగు కొరికేసింది. లోపలి రాగి బయటపడి సీటు కింది ఇనుముకి ఆనుకుంది. మా బండిలో కాయిల్ తీగ నేరుగా ముందు అక్కడికే వస్తుంది. అందుకే మనిషి కూర్చున్నా, బ్రేకు తొక్కినా రవ్వ లేదు.

మాస్కు, గ్లవ్స్ వేసుకుని గూడు తడిపి తుడిచి తీశాను. తీగతో సహా వచ్చే కొత్త సీటు స్విచ్చి తెప్పించి వేశాను. విడదీసిన జాయింట్లన్నీ కలిపి, ప్లగ్గు టోపీ తగిలించి తాళం తిప్పితే మొదటిసారికే అందుకుంది. అంతటితో పని పూర్తికాలేదు. కత్తులు ఆపి, గేరు న్యూట్రల్లో పెట్టి, బ్రేకు వదిలి సీట్లోంచి కాస్త లేచి చూశాను. ఇంజను ఆగిపోయింది. తాళం ఆఫ్ చేసి చూశాను. ఆగింది. అప్పుడు కోశాను గడ్డి.

ఇంకో రెండు జబ్బులు

బ్రేకు తొక్కి ఉన్నంతసేపూ బాగా నడిచి, బ్రేకు వదలగానే చచ్చిపోతే సీటు స్విచ్చిని అనుమానించండి. సన్నగా ఉన్నవాళ్లు గతుకుల్లో ఎగిరెగిరి పడుతున్నా సీటు తేలిపోయి ఇంజను ఆగుతుంది. అది స్విచ్చి తప్పు కాదు, నెమ్మదిగా నడపాలి.

అరగంట నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయితే కాయిల్ ముసలిదైందేమో. ఆగిన వెంటనే, వేడి మీదే టెస్టరు పెట్టి చూస్తే తెలుస్తుంది. రవ్వ పడుతుంటే పెట్రోలు ట్యాంకు మూత చూడాలి. దాని గాలి కన్నం పూడుకుపోయినా బండి ఇలాగే ఆగుతుంది. ఇంజను చల్లారాక మూత కాస్త వదులు చేసి తిప్పితే అందుకుందంటే దొంగ ఆ మూతే.

మీ ఇంటి సంగతికొస్తే

మాకు పచ్చికా లేదు, బండీ లేదు, ఇదంతా మాకెందుకమ్మా అంటారా? ఇప్పుడొచ్చే స్కూటర్లలో చాలావాటికి సైడు స్టాండు వేసి ఉంటే ఇంజను స్టార్ట్ కాదు. బ్రేకు నొక్కకపోతే సెల్ఫ్ తీసుకోదు. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపే హడావిడిలో స్కూటరు మొరాయిస్తే, మెకానిక్కుకి ఫోను చేసేముందు ఆ రెండూ చూసుకోండి. పొలంలో భుజానికి తగిలించుకుని గడ్డి కోసే మిషను ఉంటే, దాని ఆపే స్విచ్చి కూడా ఇలాగే కాయిల్ తీగని ఎర్త్ చేస్తుంది. అక్కడ తీగ ఒరిసిపోయినా రవ్వ రాదు. చిన్న జనరేటర్లలో చాలావాటికి ఆయిలు తగ్గితే రవ్వని ఆపేసే ఏర్పాటు ఉంటుంది. పెళ్లింట్లో జనరేటరు మొండికేస్తే ముందు ఆయిలు కొలపుల్ల తీసి చూడమనండి.

మెకానిక్కు రాగానే "కాయిల్ పోయిందమ్మా" అంటే సరేనని తలూపకండి. "రవ్వ చూశావా? ఆపే తీగ ఊడదీసి చూశావా?" అని అడగండి. పని అయ్యాక "ఆ తీగ మళ్లీ కలిపావా?" అని కూడా అడగండి. ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఈ చివరి ప్రశ్న అసలు మరిచిపోకండి.